బావ బండి వెనక సీటు

ఉప్పల్‌లో వరంగల్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే ఇప్పుడు నా పక్క సీటు మొదట్లోనే నిండుతుంది. ఆపరేషన్‌కు ముందు అది ఆఖరున నిండేది. ఎక్కినవాళ్లు ముందు నన్ను చూసేవాళ్లు, తరవాత నేను మిగిల్చిన జాగాను చూసేవాళ్లు, ఆ తరవాత ఏదో పనున్నట్టు వెనక్కి నడిచేవాళ్లు. ఘట్‌కేసర్ దాకా నిలబడి వచ్చినవాళ్లున్నారు గాని నా పక్కన కూర్చోలేదు. చేతిలో టిఫిన్ క్యారియర్ పట్టుకుని, నన్ను చూసి నవ్వి మరీ ముందుకు వెళ్లిపోయిన ఒకాయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. ఇప్పుడు ఎవరైనా "జర జరుగన్నా" అంటూ వచ్చి నా పక్కన సుఖంగా కూర్చుంటే నేను సంతోషించాలని ఇంట్లో అంటారు. నాకు సంతోషం రాదు. ఇన్నేళ్లూ ఆ కిటికీ పక్కన కూర్చున్నది కూడా నేనే కదా అనిపిస్తుంది.

బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు పాత ప్యాంటు ఒక కాలులోనే రెండు కాళ్లూ దూర్చి ఫొటోలు దిగుతారు. నేను దిగలేదు. నా పాత ప్యాంట్లు నాచారంలో మా బీరువాలో మడత పెట్టి ఉన్నాయి. వాటిని చూసి నవ్వే హక్కు ఎవరికీ ఇవ్వదలచుకోలేదు.

మోకాళ్లు అరిగాయి, షుగర్ వచ్చింది, పడుకుంటే ఊపిరి ఆగి ఆగి వచ్చేది. చిల్కానగర్‌లో అక్కా బావా ఉండేది రెండో అంతస్తులో. చివరి రోజుల్లో ఆ మెట్లు ఎక్కలేక గేటు దగ్గరే నిలబడి "అక్కా" అని కేకేసేవాణ్ని. అక్క పిట్టగోడ మీంచి వంగి "ఏం ర తమ్మి, పైకి రావా?" అనేది, రాలేనని తెలిసి కూడా. ఒకరోజు కింది వాటా ఆవిడ నా కోసం గేటు దగ్గర ఒక కుర్చీ తెచ్చి వేసింది. దయతోనే వేసి ఉంటుంది. నేను ఆ కుర్చీలో కూర్చోలేదు. ఆ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

కడుపులో ఎక్కువ భాగం కోసి తీసేసి అరటికాయంత మిగిల్చారు. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తాగేటప్పుడు తినకూడదు. ప్రతి ముద్దా నోట్లోనే నలిగిపోవాలి. ఒక్క ముద్ద ఎక్కువైతే రొమ్ములో రాయి పెట్టినట్టుంటుంది. తీపి తింటే గుండె దడదడలాడి చెమటలు పడతాయి. ఇవన్నీ చెప్పే చేశారు, దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. మా వీధి చివర మసాలా పొట్లాలు చేసే ఫ్యాక్టరీలో ధనియాలు వేయిస్తారు. ఆ వాసన వచ్చినప్పుడు మునుపు నాకు వెంటనే ఆకలేసేది. ఇప్పుడు ఆకలి వేయదు, ఆకలి వేసేదన్న సంగతి గుర్తొస్తుంది. ఊరు వదిలి వచ్చినవాడికి ఊరు గుర్తొచ్చినట్టు.

ఫిర్యాదంతా మనుషుల మీదనే. ఆపరేషన్ సంగతి మేము చర్చిలో ఎవరికీ చెప్పలేదు. నేను తగ్గిపోతుండటం చూసి ఒక పెద్దావిడ ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, "ఒక సోదరునికి పేరు చెప్పుకోలేని రోగం వచ్చింది, ప్రార్థన చేయండి" అని మనవి చేసింది. సంఘమంతా కళ్లు మూసుకుంది. మూసుకునే ముందు ఒకసారి నా వైపు తిరిగి చూసింది. నేను కళ్లు మూసుకోలేదు, ఎవరెవరు చూశారో చూస్తూ కూర్చున్నాను. వరంగల్‌లో ఒక పెళ్లికి వెళితే, చిన్న స్టీలు డబ్బాలో నేను తెచ్చుకున్న ఉడికించిన గుడ్డు తింటుంటే పెళ్లివాళ్లు "మా కూరల ఏం వాసనొచ్చింది?" అని అడిగారు. మునుపు అదే ఇంట్లో నేను మూడోసారి వడ్డించుకుంటే గరిటె దాచినవాళ్లు వాళ్లే.

ఇవన్నీ ఒక ఎత్తు. బావ చేసింది ఒక ఎత్తు. ఆపరేషన్ అయిన తరవాత ఏడాదిన్నర పాటు ఆయన నన్ను ఒక్కసారి కూడా చక్కర్‌కు పిలవలేదు. ఆయన బండి మీద వెనక సీటు నాది. అది ఇంకా నాదేనా, కాదా? ఆ ఏడాదిన్నరా నన్ను తొలిచింది ఆ ఒక్క మాటే.

చక్కర్ అంటే ఏమిటో చెప్పాలి. అక్క పెళ్లయిన కొత్తలో నాకు ఇక్కడి ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో టెక్నీషియన్‌గా ఉద్యోగం వచ్చింది. బావ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఆయన దగ్గర గేర్ల స్కూటర్ ఉండేది, ఇప్పటికీ ఉంది. దాన్ని మెకానిక్ ముట్టుకోకూడదు, మేమూ ముట్టుకోకూడదు. నెలకొక ఆదివారం ఆరాధన ముగిశాక ఆయన మా గల్లీ మొదట్లో హారన్ కొట్టేవాడు. ఎక్కడికి అని నేను అడిగేవాణ్ని కాదు. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద అలా పోవడమే. అప్పట్లో బోడుప్పల్ దాటితే ద్రాక్ష తోటలు కనిపించేవి, నారపల్లి దగ్గర రోడ్డుకు రెండు వైపులా రాళ్లగుట్టలుండేవి, గాలి చల్లబడేది. ఘట్‌కేసర్‌లో మిర్చి బజ్జీలు, బీబీనగర్‌లో చాయ్, ఎండాకాలమైతే దారిపక్కన ముంజలు, చలికాలమైతే సీతాఫలాలు. ఇంకా ఓపికుంటే భువనగిరి గుట్ట కనిపించేదాకా వెళ్లి, దాన్ని ఒకసారి చూసి వెనక్కి తిరగడం.

బజ్జీల పళ్లెం ముందుకు రాగానే బావ కళ్లు మూసుకుని రెండు ముక్కల్లో ప్రార్థన చేసేవాడు. ఆయన కళ్లు తెరిచేసరికి నేను ఒకటి తినేసి ఉండేవాణ్ని. "ఆమెన్ అనేదాక ఆగవు గద ర" అనేవాడు. తాను రెండు తిని మిగతావి నా వైపు తోసేసేవాడు. బజ్జీల బండివాడితో నా గురించి గొప్పగా చెప్పేవాడు: "మా బామ్మర్ది కూసున్నడంటె నువ్వు దుకాణం బంద్ చేసి ఇంటికి పోవచ్చు." ఆ మాటకు అందరూ నవ్వేవారు. వేరే ఎవరన్నా నేను ఊరుకునేవాణ్ని కాదు. బావ అన్నప్పుడు మాత్రం ఏదో బహుమతికి నా పేరు చదివినట్టుండేది.

నేను ఎక్కానో లేదో ఆయన ఎన్నడూ అడగలేదు. అడిగే అవసరం రాలేదు. నేను కూర్చోగానే వెనక స్ప్రింగులు అడుగుదాకా కుంగేవి, ముందు చక్రం కాస్త లేచేది, ఆయన భుజాలు బిగుసుకునేవి. ఇంజను కుడి పక్కన ఉంటుంది కాబట్టి ఆ బండి కుడికి ఒరుగుతుంది. నేను కొంచెం ఎడమకు జరిగి కూర్చునేవాణ్ని. అలా ఇద్దరమూ బండీ కలిసి ఒక మనిషైనట్టు పోయేవాళ్లం. ఆ కూర్చోవడం నాకు ఎవరూ నేర్పలేదు.

ఆపరేషన్ అయ్యాక దవాఖానాకు వచ్చాడు బావ. మంచం పక్కన నిలబడి, పైనుంచి వేలాడుతున్న సీసాను చూశాడు, నన్ను చూశాడు. "పైసలు పెట్టి పాణం కొనుక్కునేటోళ్లను చూసిన. పైసలు పెట్టి ఆకలి పోగొట్టుకున్నోన్ని నిన్నే చూస్తున్న" అన్నాడు. నర్సు నవ్వింది. నా భార్య కూడా, నా వైపు చూడకుండా, నవ్వింది. కుట్లు పడి ఉన్న మనిషితో అనాల్సిన మాటా అది? నేను గోడవైపు తిరుగుదామనుకున్నాను గాని తిరగడానికి కుట్లు ఒప్పుకోలేదు. ఆయన వెళ్లేదాకా ఆయన ముఖం ముందే కళ్లు మూసుకుని పడుకున్నాను.

ఆ తరవాత హారన్ వినిపించలేదు. మొదటి నెలలు నేను గంజి, పప్పుకట్టు తాగుతున్నాను కాబట్టి సరే అనుకున్నాను. ఆ తరవాత నడిచాను, మెట్లెక్కాను. చిల్కానగర్ రెండో అంతస్తుకు ఆయాసం లేకుండా ఎక్కిన రోజు అక్క తలుపు తీసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ కుర్చీలోంచి లేవకుండానే "ఓ, పైకొచ్చినవా? కిందనే ఉంటే నేనే వస్తుంటి గద" అన్నాడు. దాన్ని ఎలా తీసుకోవాలో నాకు తెలియలేదు, మంచిగా మాత్రం తీసుకోలేదు.

ఎండాకాలం వచ్చింది. ఒక సోమవారం అక్క ఫోన్ చేసి మాటల్లో అనేసింది: "నిన్న మీ బావ ముంజలు తెచ్చిండు ర. గన్ని ముంజలు ఎవలు తింటరు, పొద్దుగాల చూస్తె సగం పులిసినయి."

"ఎక్కడ కొన్నడు?" అన్నాను.

"అన్నోజిగూడ కాడనట. ఒక్కడే పోయిండు."

ఒక్కడే. ఆ మాట నా చెవిలో చాలాసేపు ఉండిపోయింది. నన్ను వదిలి వెళ్లడమే కాదు, ఆ దారిలోనే వెళ్లాడు, అక్కడే ఆగాడు. ముంజలైతే మెత్తగా ఉంటాయి, నీళ్లుంటాయి, తీపి తక్కువ, నేను కూడా ఒకటి తినగలను. అది ఆయనకు తెలియదా? తెలుసుకోవాలంటే అడగాలి. అడగలేదు. నా భార్యతో చెబితే, "మీరే ఫోన్ చేసి పోదాం అనొచ్చు గదా" అంది. బండి ఆయనది. పిలవాల్సింది బండి ఉన్నవాడు. ఆ రోజు అదే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతున్నాను.

కాని ఇంకో రెండు వారాలు గడిచేసరికి నాకు ఓపిక పోయింది. ఆదివారం ఆరాధన ముగియగానే నేను ఇంటికి వెళ్లలేదు. ఆటో ఎక్కి నేరుగా చిల్కానగర్ వెళ్లి, వాళ్ల గేటు లోపల నిలబెట్టిన స్కూటర్ వెనక సీటు మీద కూర్చున్నాను. కాసేపటికి బావ బట్టతో బండి తుడవడానికి దిగాడు.

"ఏంది ర ఇది?"

"చక్కర్‌కు పోదాం."

"ఎందుకు? తినవు, తాగవు. నేను తింటుంటె నా నోట్లకు చూస్తవా?"

"చూస్త. నా ఇష్టం."

"ఎండ మస్తుంది."

"నువ్వొక్కనివి పోయిన్నాడు లేదా ఎండ?"

ఆయన పైకి చూశాడు. అక్క పిట్టగోడ మీంచి వంగి ఉంది. నాకు చెప్పింది ఆవిడేనని అర్థమై ఉంటుంది. "తీస్కపో, లేకుంటె పొద్దుగూకేదాక గట్లనే కూసుంటడు, వాని సంగతి నీకెర్క లేదా" అని అక్క పైనుంచి అంది. బావ బట్ట మడిచి సీటు కింద పెట్టాడు. బండి తోసుకుంటూ రోడ్డు మీదికి తెచ్చి కిక్ కొట్టాడు.

అన్నీ మారాయి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ స్తంభాలు, వాటి మధ్య గుంతలు, దుమ్ము. ద్రాక్ష తోటలున్న చోట ఏముందో చెప్పడం కూడా కష్టం, అన్నీ షట్టర్లే. మునుపు గుంతలో పడితే నా బరువుకు బండి ఒక్కసారి మూలిగి ఊరుకునేది. ఇప్పుడు ప్రతి గుంతకూ నేను సీటు మీంచి ఎగిరి పడుతున్నాను. తొడల్లో మాంసం లేదు, సీటు ఎముకకు తగులుతోంది. ఎడమకు జరిగి కూర్చున్నాను, పాత అలవాటు. దానికీ బండికీ ఇప్పుడేం సంబంధం లేదని తెలుస్తూనే ఉంది. బావ భుజాలు కూడా వదులుగా ఉన్నాయి. నేను మాట్లాడలేదు. ఆయన పిలిచి ఉంటే మాట్లాడేవాణ్ని. నేనే వచ్చి ఎక్కాను కాబట్టి మాట ఆయనే మొదలుపెట్టాలి. ఆయనా మొదలుపెట్టలేదు.

అన్నోజిగూడ దగ్గర రోడ్డు పక్కన ఒకామె తాటికాయల కుప్ప ముందు కూర్చుని కత్తితో ముంజలు తీస్తోంది. బావ ఆపాడు. ఆ బండి ఒకసారి ఆగితే మళ్లీ స్టార్ట్ కావడానికి బతిమాలాలి, అందుకే ఇంజను ఆపకుండా కాళ్లు నేల మీద ఆనించి అలాగే కూర్చున్నాడు. నేను దిగి వెళ్లాను. ఆమె లేతవి ఏరి తాటాకులో చుట్టి నా గుడ్డ సంచిలో పెట్టింది. సంచి తెచ్చి సీటు మీద పెట్టాను. జారిపోకుండా దాని చెవులు వెనక స్టెప్నీకి తగిలించాను. చేతులు ముంజల నీళ్లతో జిగటగా ఉన్నాయి. కడుక్కుందామని ఆమె దగ్గరికి తిరిగి వెళ్లి, చెంబు తీసుకుని వంగాను.

వెనక లారీ ఒకటి గట్టిగా హారన్ కొట్టింది. నేను తలెత్తేసరికి బావ గేరు వేశాడు. బండి రోడ్డెక్కింది. సీటు మీద సంచి నిటారుగా కూర్చుని ఉంది. "బావా" అని అరిచాను. ఆ ఇంజను మోతలో ఆయనకు పక్కనున్నవాడి మాట కూడా వినపడదు. చేతిలో చెంబుతో రోడ్డు మీద నిలబడి, నా సీటులో ఒక సంచి ఘట్‌కేసర్ వైపు వెళ్లిపోవడం చూశాను.

"మీ అన్న గట్ల పోతుండేంది నిన్ను ఇడిసిపెట్టి?" అంది ఆమె.

"అన్న కాదు. బావ."

"గదీ సంగతి!" అని ఆమె ఇంకో కాయ అందుకుంది. "బావలు గంతేనయ్య. కూసో, నీడకు కూసో. యాదికొస్తె వస్తడు."

యాదికొస్తే! ఫోన్ చేశాను, బండి నడుపుతూ ఆయన ఎత్తడు. మళ్లీ చేశాను. తాటాకుల నీడలో ఒక బండరాయి మీద కూర్చున్నాను. ఆటోలు ఆగి "ఘట్‌కేసర్, ఘట్‌కేసర్" అని పిలుస్తున్నాయి. అవతల ఇంకో ఆటో ఎక్కి ఉప్పల్ వైపు వెళ్లిపోవచ్చు, ఆయన ఎంత వెతుక్కుంటే అంత వెతుక్కోనీ అనిపించింది. లేచి అవతలి వైపుకు రోడ్డు కూడా దాటాను. కాని వెళ్లిపోతే, ఆ తరవాత ఏమవుతుందో నాకు కనిపించింది. రెండు ఇళ్లలోనూ ఇది తమాషా కథ అయిపోతుంది, చర్చిలో చెప్పుకుంటారు, ఇక ఆ సీటు మీద నేను కూర్చునే మాటే ఉండదు. తిరిగి ఇవతలికి వచ్చి అదే రాయి మీద కూర్చున్నాను. ఆమె నన్ను చూసి, ఒక ముంజను వేలితో తీసి తాటాకు మీద పెట్టి నా వైపు జరిపింది. ఒద్దన్నాను. బావ వచ్చేదాకా ఏమీ తినదలచుకోలేదు.

చాలాసేపటికి బండి చప్పుడు వినిపించింది. అవతలి వైపు నుంచి వచ్చి, తిరగకూడని చోట తిరిగి, ఆపాడు. ఈసారి ఇంజను కూడా ఆపేశాడు. చొక్కా అంతా తడిసి ఉంది. సంచి ఇంకా అలాగే కూర్చుని ఉంది.

"దిగిపోయినోనివి చెప్పొద్దా?" అన్నాడు.

"ఎక్కితె గద దిగుడు! నేను రెండు కిలోలున్ననా బావా? ముంజల సంచికి నాకు ఫరక్ తెల్వదా నీకు?"

"సీటు మీద దబ్బుమన్నది. నువ్వే అనుకున్న."

"నా బరువు తెల్వదా నీకు? ముప్పై ఏండ్ల సంది మోస్తివి."

"పాత బరువు తెల్సు ర" అన్నాడు. గొంతు పెరిగింది. "కొత్తది ఎట్ల తెలుస్తది? ఒక్కనాడన్న వచ్చి ఎక్కినవా?"

"ఒక్కనాడన్న హారన్ కొట్టినవా?"

తాటికాయలామె కత్తి ఆపి వింటోంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరూ ఆగలేదు.

"మరి ఘట్‌కేసర్ దాక ఎనక మనిషి సప్పుడు లేకపోతె డౌటు రాలేదా నీకు?"

"ఎందుకొస్తది? చిల్కానగర్ నుంచి ఒక్క మాట మాట్లాడినవా? అలిగినవనుకున్న. అలిగితె నువ్వు భువనగిరి దాకనన్న మూతి ముడుచుకోని వస్తవు. కొత్తనా నాకు?" చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. "అలిగిండు, ఇయ్యాల చెప్పాల్సింది చెప్పేస్త అని దారి పొంటి అంత చెప్పుకుంట పోయిన. బజ్జీల కాడ ఆపి, దిగు ర అని ఎనకకు చూస్తె ఇది." సంచి వైపు చెయ్యి చూపించాడు. "బజ్జీలాయన అడుగుతుండు, ఎవల్తోటి మాట్లాడుతున్నవన్నా అని."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"ఏం చెప్పినవ్?"

"చెప్పిన గద."

"నాకు చెప్పలే. మళ్ల చెప్పు."

"చెప్ప. ఒక్కసారే వస్తయి గసొంటి మాటలు. పాయె."

"చెప్పకపోతె నేను బండెక్క."

"ఎక్కకు. ఈడనే కాయలు కొట్టుకుంట కూసో."

నేను రాయి మీద కూర్చున్నాను. ఆయన బండి మీద అడ్డంగా కూర్చున్నాడు. తరవాత ఆయనే సంచి విప్పి, తాటాకు పొట్లం తెచ్చి, నా పక్కన నేల మీద గొంతుక్కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ ప్రార్థన ఈసారి చాలాసేపు సాగింది. నేను ముట్టుకోలేదు. కళ్లు తెరిచి, ఒక ముంజ పొర ఒలిచి నా చేతిలో పెట్టాడు.

"మొదలు నువ్వు తిను."

"నేను తింటె గంటసేపు పడ్తది. నమలాలె."

"నములు. ఏం పనుంది నాకు?"

నేను మునిపంటితో కొద్దిగా కొరికి నమిలాను. ఆయన తినకుండా నన్నే చూస్తున్నాడు. అప్పుడు, రోడ్డు వైపు తిరిగి, ఆమెకు వినపడకుండా అన్నాడు: "ఒక్కన్ని పోతె బజ్జీ పళ్లెం ముంగట పెట్టుకోని కూసున్న ర. నోట్లకు పోలే. ముంజలు కూడ గట్లనే ఇంటికి తీస్కపోయిన. మీ అక్క ఏదో తిననీకి తెచ్చిండనుకున్నది." తాటాకు సరిచేస్తూ, "నీ ముంగట తినాలంటె శరమనిపిచ్చె. నువ్వు లేకుంటె తినబుద్ది కాదాయె. గింతే. దవాఖానల అన్న మాట గురించి కూడ చెప్పిన. అది మాత్రం ముంజలు విన్నయి, పో."

దవాఖానా మాట గురించి ఏం చెప్పాడో నాకు ఇంతవరకూ తెలియదు. ఎన్నిసార్లు అడిగినా చెప్పడు. నేను మాఫ్ చేశానని ఎక్కడా అనలేదు కూడా. వినని మాటకు మాఫ్ చేయడం ఎలా?

ఆ రోజు నేను ఒక ముంజ పూర్తిగా తిన్నాను, రెండోది సగం. మిగతా సగం ఆయన నా చేతిలోంచి తీసుకుని తిన్నాడు. మునుపు మిగిలినవి నా వైపు వచ్చేవి, ఇప్పుడు ఆయన వైపు వెళుతున్నాయి. ఇద్దరం అది గమనించాం. ఆమెకు మళ్లీ ఒక డజను తీయమని చెప్పి, ఆమె తీస్తున్నంతసేపూ అక్కడే కూర్చున్నాం. నేను అరగంట దాకా నీళ్లు తాగకూడదంటే, ఆయన కూడా తాగకుండా ఉన్నాడు. ఎందుకో అడగలేదు. ఎండ కాస్త వాలింది. భువనగిరి మాట ఎవరూ ఎత్తలేదు, బండి ఉప్పల్ వైపు తిప్పాడు.

ఉప్పల్‌లో మెట్రో వంతెన కింద చాయ్ కోసం ఆపాడు. ఆయన గ్లాసు చాయ్ తాగాడు, నేను చక్కెర లేకుండా ఒక మూతెడు తాగాను. చాయ్ దుకాణం ముందే ఆటోలు ఆగుతాయి, వెనక బస్సులు వస్తాయి. అక్కడ ఎవరూ ఒక్క క్షణం నిలబడనివ్వరు. బావ బండి మీద కూర్చుని కిక్ కొట్టాడు. రెండోసారికే అంటుకుంది. నేను వచ్చి వెనక కూర్చున్నాను, కాళ్లు పెట్టుకునే చోట పెట్టుకున్నాను, సంచి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఎక్కినవా?" అన్నాడు బావ.

ముప్పై ఏళ్లలో ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి. నేను పలకలేదు.

"ఎక్కినవా ర?"

వెనక ఆటో హారన్. దాని వెనక బస్సు హారన్. ఆటోవాడు తల బయట పెట్టి, "ఓ పెద్దమనిషి, పోనీయ్! రోడ్డు మీ అయ్యదా?" అన్నాడు. బావ క్లచ్ నొక్కి పట్టుకుని, మెడ తిప్పకుండా, ఒక కాలు నేల మీద గట్టిగా ఆనించి అలాగే ఉన్నాడు. మామూలుగా అయితే ఆటోవాడికి తగిన జవాబు చెప్పేవాడు.

"ఆగు తమ్మి," అన్నాడు ఆటోవాడితో. "మా బామ్మర్ది ఇంకా ఎక్కలే."

బస్సు మళ్లీ హారన్ కొట్టింది. ఇంకొంచెంసేపు ఉండనిచ్చాను. ఏడాదిన్నర నేను ఎదురుచూశాను, ఆయన ఈ కాస్త ఆగగలడు. ఆయన భుజాలు మెల్లగా బిగుసుకోవడం నాకు కనిపిస్తోంది.

"ఎక్కిన బావా," అన్నాను. "పోనీ."